కాలువకు కొలబద్ద

గేదెను పాలు కొలిచి, పైరును దిగుబడి చూచి మెచ్చుకొందుము. మరి కాలువ పనితీరును దేనితో కొలుచుచున్నాము? "ఈ ఏడు నీరు బాగానే వచ్చినది" అనుట కొలత కాదు.

మహారాష్ట్ర జలవనరుల శాఖ 2001-02 సంవత్సరము మొదలు సాగునీటి ప్రాజెక్టులను పోల్చి నివేదికలు వెలువరించినది. హెక్టారుకు ఎంత నీరు వాడిరి? నిర్వహణ ఖర్చులో ఎంత వసూలైనది? ఎగువ, నడిమి, శివారు భూములకు నీరు సమముగా అందినదా? ఇట్టివి అందలి కొలతలు. పెద్ద ప్రాజెక్టును పెద్దదానితోను, నీటి ఎద్దడి గలదానిని అట్టిదానితోను పోల్చిరి. అదియే న్యాయము.

ఆంధ్రప్రదేశ్‌లో 1997 నాటి చట్టము నీటి పంపకమును, కాలువల సంరక్షణను రైతుల సంఘములకు అప్పగించినది. కావున కొలుచు బాధ్యతయు మనదే. ప్రతి పంటకు మూడు అంకెలు వ్రాయుడు: తూము నుండి విడిచిన నీరు, తడిసిన ఎకరములు, శివారు చేనుకు నీరందిన దినములు. మూడవది మరువరాదు. మొత్తపు లెక్కలో ఎగువ సమృద్ధి శివారు ఎండను కప్పివేయును.

గ్రామాధికారులు ఈ అంకెలను, నిరుటి అంకెలను పంచాయతీ గోడపై ప్రక్కప్రక్కనే వ్రాయింపవలెను. ఇది ఎవరినో నిందించుటకు కాదు. పూడిక ఎచ్చట పేరుకొన్నదో, గండి ఎచ్చట పడినదో వెదకుటకే. కొలిచిన నీరే పొదుపగును.