మన పల్లెకు బ్రాడ్‌బాండ్ తీగ: అడుగవలసినది మనమే



నాగలి, విత్తనము, ఎరువు, నీరు — ఇవి యున్న చాలును, వ్యవసాయము సాగునని మన పెద్దలు తలచిరి. ఈనాడు వాటి సరసన మరియొకటి చేరినది. అది ఇంటర్నెట్టు. ఇది పట్టణవాసుల విలాసమని మీలో కొందరు అనుకొనుచుండవచ్చును. ఆ మాట నేనును ఒకప్పుడు అనుకొన్నవాడనే. నా యభిప్రాయము ఎట్లు మారినదో మొదట చెప్పెదను.

నేను పనిచేసిన ఒక మండలములో పంచాయతీ కేంద్రమునకు నాలుగు కిలోమీటర్ల దూరమున ఒక శివారు పల్లె గలదు. అచట సెల్ ఫోను సిగ్నలు చెరువు కట్టమీద, వేపచెట్టు క్రింద మాత్రమే అందును. ఈ-పంట నమోదు దినములలో మా గ్రామ వ్యవసాయ సహాయకుడు రైతులను ఆ చెట్టు క్రిందికే పిలిపించి వేలిముద్రలు తీసికొనుచుండెను. ఒక వృద్ధ రైతు మూడు పర్యాయములు వచ్చెను. మూడు పర్యాయములును మధ్యలో సిగ్నలు తెగిపోయెను. నాలుగవ పర్యాయము వచ్చునప్పటికి గడువు దాటినది. జాబితాలో పేరు లేనందున ఆయన ధాన్యమును కొనుగోలు కేంద్రములో తీసికొనలేదు. ఇంటివద్దనే వ్యాపారికి తక్కువ ధరకు అమ్ముకొనెను. "బాబూ, పంట పండించుట నా పని, చేసినాను. తక్కినది ఎవరి పని?" అని ఆయన నన్నడిగెను. ఆ పల్లెకు సిగ్నలు లేదని నాకు రెండేండ్లుగా తెలియును. తెలిసియు, పైకి ఒక్క కాగితమైనను నేను వ్రాయలేదు. ఆ పల్లెవారును వ్రాయలేదు. ఎవరో వ్రాసియుందురని అందరమును అనుకొంటిమి.

పి.ఎం. కిసాన్ సొమ్మునకు ఈ-కె.వై.సి. కావలెను. ఫసల్ బీమా క్రింద వడగండ్లు, ముంపు వంటి స్థానిక నష్టమును 72 గంటలలోపల తెలుపవలెను. రైతు సేవా కేంద్రములో, సహకార సంఘములో లెక్కలన్నియు కంప్యూటరులోనే నడచుచున్నవి. కావున నెట్టు లేని పల్లెలో రైతు నష్టపోవునది వినోదము కాదు, తన హక్కు.

ఈ సొమ్ము ఎక్కడిది?

మనవారిలో ఒక సంకోచము గలదు: ప్రభుత్వము దయతలచి యిచ్చిన పుచ్చుకొనుటయే గాని, మనము నోరువిడిచి అడుగుట ఏమని. ఈ సంకోచము తగదు. టెలిఫోను కంపెనీలు తమ సర్దుబాటు ఆదాయములో 5 శాతమును గ్రామీణ సౌకర్యములకై ఒక నిధికి చెల్లించుచున్నవి. 2002లో ఏర్పడిన సార్వత్రిక సేవా బాధ్యతా నిధి యిదియే. 2023 నాటి టెలికమ్యూనికేషన్ల చట్టము దీనికి డిజిటల్ భారత్ నిధి యని పేరు మార్చినది. మీరు ఫోనుకు రీచార్జి చేయించినప్పుడెల్ల అందులో కొంత ఆ నిధికి చేరుచున్నది. అనగా మీరు అడుగునది మీరు కట్టిన సొమ్ములోని పాలే.

ఈ నిధితోనే 2011 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గము పంచాయతీలన్నింటికి ఆప్టికల్ ఫైబర్ తీగ వేయు పథకమును ఆమోదించెను. 2015లో దానికి భారత్ నెట్ అని పేరిడిరి. 2017 డిసెంబరునాటికి మొదటి విడతగా లక్ష పంచాయతీల పని ముగిసినది. మన రాష్ట్రములో ఫైబర్ నెట్ సంస్థ కరెంటు స్తంభములమీదుగా తీగ లాగి, 2017 డిసెంబరులో రాష్ట్రపతి శ్రీ రామ్ నాథ్ కోవింద్ గారి చేతులమీదుగా ప్రారంభోత్సవము జరుపుకొనెను. తెలంగాణములో మిషన్ భగీరథ నీటి గొట్టములకు త్రవ్విన కందకములలోనే ఫైబరుకు కూడ గొట్టము వేసిరి.

ఇంత జరిగినను తీగ అనేక చోట్ల పంచాయతీ కార్యాలయపు గోడవద్దనే ఆగినది. అచటి పెట్టెలో దీపము వెలుగుచుండును. శివారు పల్లెలో చీకటి. ప్రధాన కాలువ త్రవ్వి పిల్ల కాలువలు త్రవ్వకుండ విడిచినట్లున్నది.

మూడు ద్వారములు

ఇక, అడుగుట యెట్లు? ముందుగా ఒక సంగతి గుర్తుంచుకొనుడు. డిజిటల్ భారత్ నిధి సొమ్ము మీ పంచాయతీ ఖాతాలో పడదు. అది పనిచేయు సంస్థలకు పోవును. కావున మనము అడుగవలసినది చెక్కు కాదు. పనుల జాబితాలో మన పల్లె పేరు.

మొదటి ద్వారము సవరించిన భారత్ నెట్ పథకము. 2023 ఆగస్టు 4వ తేదీన కేంద్ర మంత్రివర్గము దీనిని 1,39,579 కోట్ల రూపాయల వ్యయముతో ఆమోదించినది. 2.64 లక్షల పంచాయతీలకు తీగను వలయముగా వేయవలెనని దాని ఉద్దేశము. వలయముగా వేసినచో ఒకచోట తెగినను రెండవ వైపునుండి నడచును. పంచాయతీ కేంద్రములు కాని సుమారు 3.8 లక్షల గ్రామములకు మాత్రము "కోరినచో" తీగ వేయుదురు. కోరినచో అను మాట మీద వేలు పెట్టి చదువుడు. కోరని పల్లె ఈ లెక్కలోనికి రాదు.

రెండవది సెల్ టవరుల పథకము. 2021 నవంబరులో ఐదు రాష్ట్రములలోని ఆకాంక్షిత జిల్లాలందు 7,287 గ్రామములకు 4జి టవరులు మంజూరైనవి. ఆ ఐదింటిలో మన రాష్ట్రమొకటి. 2022 జూలైలో దేశమంతట మరి 24,680 గ్రామములకు 26,316 కోట్ల రూపాయలతో మంజూరు లభించినది. క్రొత్తగా వెలసిన పల్లెలు, పునరావాస గ్రామములు, ఉన్న సర్వీసు పోయిన గ్రామములు చేర్చుటకు అందులో 20 శాతము వెసులుబాటు ఉంచిరి. మన్యపు గూడెములవారు, ప్రాజెక్టుల క్రింద ఊరు కోల్పోయి వేరొకచోట కాపురమున్నవారు తమ పల్లె ఆ జాబితాలో ఉన్నదో లేదో ముందుగా కనుగొనవలెను.

మూడవది పంచాయతీ సొంత ప్రణాళిక. ప్రతి సంవత్సరము గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక తయారగును. దానికై గ్రామసభలు జరుగును. 2021–26 కాలపు 15వ ఆర్థిక సంఘము గ్రాంటులలో 60 శాతము త్రాగునీరు, పారిశుద్ధ్యములకు కట్టుబడి, 40 శాతము జీతములు, కార్యాలయ ఖర్చులకు తప్ప స్థానిక అవసరములకు విడిచిరి. ప్రస్తుతపు గ్రాంటుల షరతులను కార్యదర్శిచేత చదివించుకొని, పంచాయతీ భవనమునుండి పాఠశాలకు, రైతు సేవా కేంద్రమునకు, శివారు పల్లెకు తీగ పొడిగించు పనిని ప్రణాళికలో వ్రాయించుడు.

తీగ వచ్చిన పిమ్మట దానిని పంచుకొనుటకు పి.ఎం. వాణి పథకము 2020 డిసెంబరు 9వ తేదీనుండి కలదు. దీని క్రింద కిరాణా కొట్టువాడైనను, సహకార సంఘమైనను వైఫై పెట్టి కొద్దిపాటి రుసుముతో నెట్టు పంచవచ్చును. దుకాణదారునకు లైసెన్సు లేదు, రిజిస్ట్రేషను లేదు, ప్రభుత్వమునకు ఫీజు లేదు. పల్లె మధ్యనున్న టీ కొట్టు ఇందుకు చాలును.

అర్జీ బలము దేనిలో ఉన్నది?

"మా ఊరికి నెట్టు లేక బాధపడుచున్నాము, దయచేసి ఇప్పించగలరు" అని వ్రాసిన అర్జీలు నేను అనేకము చూచితిని. అవి దస్త్రములో పడుకొనును. లెక్కలున్న అర్జీ పడుకొనదు. కావున ఇట్లు వ్రాయుడు:

1. పల్లె పేరు, రెవెన్యూ గ్రామము, పంచాయతీ, ప్రభుత్వ రికార్డులలోని గ్రామపు కోడ్ నంబరు.

2. గడపల సంఖ్య, జనసంఖ్య. బడి, అంగన్వాడీ, రైతు సేవా కేంద్రము, పాల కేంద్రము వంటివి ఎన్ని గలవో.

3. తీగ ఆగిన చోటునుండి పల్లెకు దూరము, దారిలోని కరెంటు స్తంభముల సంఖ్య. ఒక పూట నడచి లెక్కించుడు, ఊహించి వ్రాయవద్దు.

4. పెట్టె పెట్టుటకు గది, కరెంటు ఎచట ఇయ్యగలరో.

5. నెలనెల రుసుము కట్టి కనెక్షను తీసికొనెదమని ఒప్పుకొన్న కుటుంబముల జాబితా, సంతకములతో.

6. సిగ్నలు లేక నష్టపోయిన సందర్భములు, తేదీలతో సహా.

వీటిలో ఐదవది అన్నింటికంటె ముఖ్యమని నా యభిప్రాయము. తీగ లాగుటకు ప్రభుత్వము డబ్బిచ్చును గాని, వాడువారు లేని తీగను నిలబెట్టుటకు ఏ సంస్థయు శ్రద్ధ చూపదు. నలువది కుటుంబముల సంతకములున్న కాగితము నాలుగు వందల పొగడ్తల కంటె బరువైనది.

ఈ అర్జీని గ్రామసభ తీర్మానముతో జతపరచి, ఒక ప్రతి బి.ఎస్.ఎన్.ఎల్. జిల్లా కార్యాలయమునకు, ఒకటి ఫైబర్ నెట్ సంస్థకు, ఒకటి మండలాభివృద్ధి అధికారికి పంపుడు. సోమవారపు అర్జీల దినమున కలెక్టరు గారికి స్వయముగా ఇచ్చి రసీదు తీసికొనుడు. జవాబు రానిచో సమాచార హక్కు చట్టము క్రింద పది రూపాయల రుసుముతో "మా అర్జీ ఏ దశలో ఉన్నది?" అని అడుగవచ్చును. 30 దినములలో సమాధానమియ్యవలెను. ఇది తగవు కాదు, కాగితమును కదలించు ఉపాయము.

గ్రామోద్యోగులకు ఒక మాట

కార్యదర్శులారా, సర్పంచులారా! 2025 జనవరి 1 నుండి తీగలు వేయు దారి హక్కునకు క్రొత్త కేంద్ర నిబంధనలు అమలులోనికి వచ్చినవి. మీ రోడ్డు ప్రక్క త్రవ్వుటకు అనుమతి కోరిన దరఖాస్తు మీ బల్లమీద పాతబడరాదు. సిమెంటు రోడ్డు వేయునపుడు అడ్డముగా ఒక ఖాళీ గొట్టము పెట్టించుడు. ఆనాడు దాని ఖర్చు స్వల్పము. తరువాత రోడ్డు పగులగొట్టుట ఎక్కువ ఖర్చు, చెడ్డపేరు కూడ.

రెండు ఆక్షేపణలు

"అందరి చేతిలోను సెల్ ఫోనున్నది, తీగ ఎందుకు?" అని కొందరందురు. ఒక టవరు సిగ్నలును సాయంత్రము ఊరంతయు ఒకేసారి పంచుకొన్నపుడు ఎవరికిని సరిగా అందదు. ఒక్క గొట్టపుబావి నీటిని పది చేలకు మళ్ళించినట్లుండును. తీగ చెరువు వంటిది.

"పిల్లలు సినిమాలు చూచి చెడిపోవుదురు" అని మరికొందరి భయము. ఆ భయము నిజమే. కాని ఆ పిల్లలు చేతి ఫోనులో నేడును చూచుచున్నారు. సిగ్నలు లేక ఆగిపోవుచున్నది వారి సినిమా కాదు, వారి తాత వేలిముద్ర.

కాపాడుకొనుట

తీగ వచ్చినంత మాత్రమున పని ముగియదు. స్తంభములమీది తీగను గడ్డి లారీలు తెంపును, కోతులు ఊగును, తుఫాను పడగొట్టును. తెగిన తీగ నెలల తరబడి వ్రేలాడుచున్న గ్రామములను నేను చూచితిని. అచటివారు ఒకరినొకరు చూచుకొనుచుండిరే గాని, ఫిర్యాదు చేసినవాడు లేడు. సవరించిన భారత్ నెట్ పథకములో తీగ వేసిన సంస్థయే పది సంవత్సరములు మరమ్మతు చూడవలెనని ఏర్పాటు. ఆ బాధ్యత గుర్తుచేయువారు ఊరిలో ఉండవలెను. ఇద్దరు యువకులను, ఒక స్వయంసహాయక సంఘము సోదరిని కమిటీగా నియమించి, ఫిర్యాదు తేదీలను ఒక పుస్తకములో వ్రాయించుడు.

సోదరులారా! అడుగనిదే అమ్మయినను అన్నము పెట్టదని మన సామెత. ఆ వృద్ధ రైతు అడిగిన ప్రశ్నకు ఆనాడు నావద్ద జవాబు లేకపోయెను. ఇప్పుడు చెప్పుచున్నాను: తక్కినది మన అందరి పని. అందులో నా వంతుగా మీ అర్జీలోని వ్యవసాయపు లెక్కలు వ్రాసి యిచ్చుటకు మా వ్యవసాయ శాఖవారము సిద్ధముగా నున్నాము. రాబోవు గ్రామసభలో ఈ సంగతిని మొదటి అంశముగా పెట్టించుడు. చెరువు కట్టమీది వేపచెట్టు నీడకే గాని, సిగ్నలుకు నిలుచుండుటకు కాదు.