ఆ సర్వరే ఎందుకు?

రెజ్యూమెలో క్లౌడ్‌ అనో, ఎస్‌క్యూఎల్‌ అనో రాయని ఇంజినీరింగ్‌ విద్యార్థి ఇప్పుడు అరుదు. మరి ఇంటర్వ్యూలో ‘ఈ డేటాబేస్‌కి ఏ సర్వర్‌ తీసుకుంటావు, ఎందుకు?’ అని అడిగితే ఏం చెబుతారు? ‘ఎక్కువ కోర్లు, ఎక్కువ ర్యామ్‌ ఉన్నది సార్‌’ అంటే మీకూ, షాపులో సేల్స్‌మ్యాన్‌కీ తేడా ఉండదు.

ఒక లెక్క వేద్దాం. అంకెలు ఊరికే అనుకున్నవే. నెలకు రూ.8,000 అద్దె ఉన్న సర్వర్‌ సెకనుకు 1,600 ట్రాన్సాక్షన్లు చేస్తోంది. రూ.12,000 అద్దె ఉన్నది 3,000 చేస్తోంది. భాగించి చూస్తే సెకనుకు ఒక్కో ట్రాన్సాక్షన్‌కి మొదటిదాంట్లో రూ.5, రెండోదాంట్లో రూ.4 పడుతుంది. అద్దె ఎక్కువున్నదే చవక! కానీ తొందరపడకండి. మీ అప్లికేషన్‌కి రద్దీ వేళలోనూ సెకనుకు 500 చాలనుకోండి, అప్పుడు రూ.8,000 సర్వరే నయం. వాడని సత్తాకి డబ్బు కట్టడమెందుకు?

ఈ భాగహారం కొత్తదేం కాదు. 1988లో ఏర్పడిన టీపీసీ అనే సంస్థ, 1992లో టీపీసీ-సీ అనే పరీక్ష తెచ్చింది. నిమిషానికి ఎన్ని ఆర్డర్లు నమోదయ్యాయో చెప్పి ఊరుకుంటే అందులో కుదరదు. మెయింటెనెన్స్‌తో కలిపిన మొత్తం ధరని ఆ అంకెతో భాగించి చూపించాల్సిందే.

పోలికలో మోసపోయేది ఎక్కువగా కోర్ల దగ్గరే. అమెజాన్‌ క్లౌడ్‌లో ఇంటెల్‌ సర్వర్లలో ఒక వీసీపీయూ అంటే సాధారణంగా ఒక థ్రెడ్‌, అంటే కోర్‌లో సగం వాటా. అదే గ్రావిటాన్‌ సర్వర్లలో ఒక వీసీపీయూ అంటే పూర్తి కోర్‌. రెండింటి మీదా ‘4’ అనే రాసి ఉంటుంది. డిస్క్‌ సంగతీ అంతే. ట్రాన్సాక్షన్‌ పూర్తయిందని చెప్పే ముందు డేటాబేస్‌ దాని రికార్డు డిస్క్‌ మీదికి చేరేదాకా ఆగుతుంది. డిస్క్‌ నెమ్మదిదైతే ప్రాసెసర్‌ ఎంత గొప్పదైనా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. ఇక టీ రకం చవక సర్వర్లు దాచుకున్న క్రెడిట్లతో కాసేపు పరుగెడతాయి, అవి అయిపోయాక, సెట్టింగ్‌ని బట్టి, నడక మొదలుపెట్టవచ్చు. ఐదు నిమిషాల పరీక్షలో ఆ విషయం బయటపడకపోవచ్చు.

పోస్ట్‌గ్రెస్‌ ఉచితం. దాంతోపాటు పీజీబెంచ్‌ అనే పరీక్ష సాధనమూ వస్తుంది. దాన్ని స్కేల్‌ 1తో నడిపి ‘అబ్బో’ అనుకోకండి. ఆ అకౌంట్ల టేబుల్‌లో లక్ష వరుసలే ఉంటాయి, డేటా అంతా ర్యామ్‌లోనే ఇమిడిపోతుంది. స్కేల్‌ 1000 పెడితే 10 కోట్ల వరుసలు, దాదాపు 15 జీబీ. 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఈ రెండూ నడిపి చూడండి, రెండు వేర్వేరు మెషీన్లా అనిపిస్తుంది. స్కేల్‌ కనీసం క్లయింట్ల సంఖ్యకి సమానంగా ఉండాలి. లేదంటే అందరూ ఒకే వరుస కోసం క్యూ కడతారు, మీరు కొలిచేది ఆ క్యూనే.

లైసెన్స్‌ని మాత్రం చాలామంది మర్చిపోతారు. ఎస్‌క్యూఎల్‌ సర్వర్‌ లాంటి వాటిని కోర్ల లెక్కన కొనాల్సి వస్తే, తక్కువ అద్దెకి ఎక్కువ కోర్లిచ్చే సర్వరే చివరికి ఖరీదు కావచ్చు. అక్కడ తక్కువ కోర్లు, వేగమైన కోర్లు ఉన్నది వెతకాలి. పోస్ట్‌గ్రెస్‌కి ఆ బాధ లేదు.

రెండు చిన్న సర్వర్లని కొన్ని గంటలు అద్దెకి తీసుకుని ఈ పని చేయండి. డేటా సైజు, క్లయింట్లు, ఎంతసేపు నడిపారు, ఒక్కో ట్రాన్సాక్షన్‌కి ఎంత పడింది అన్నవి ఒక పేజీలో రాసి రెజ్యూమెకి జత చేయండి. నా దృష్టిలో పది సర్టిఫికెట్ల కన్నా ఆ పేజీకే బరువెక్కువ. అన్నట్టు, పరీక్ష అయ్యాక సర్వర్‌ని ఆపేస్తే సరిపోదు, డిస్క్‌తో సహా తొలగించండి. ఆపిన సర్వర్‌కీ డిస్క్‌ అద్దె నడుస్తూనే ఉంటుంది.