ఫ్లాష్ దీపం: లెక్క యంత్రానిదా, మనదా?

వార్షికోత్సవ వేదికపై బహుమతి అందుకొనే క్షణం విద్యార్థి జీవితంలో మళ్లీ రాదు. ఆ ఛాయాచిత్రం ఇంటి గోడపై ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఎన్నో కుటుంబాలలో కళాశాల మెట్లెక్కిన తొలి వ్యక్తికి అదే సాక్ష్యం. అట్టి చిత్రంలో ముఖం సున్నం పూసినట్లు పాలిపోయినా, చీకటిలో కలిసిపోయినా ఆ లోటు తీర్చలేనిది. అందుచేత కెమెరాకు అమర్చే ఫ్లాష్‌ను వాడే తీరు గురించి విద్యార్థి మిత్రులు కొంత ఆలోచించవలసి ఉన్నది.

నేటి ఫ్లాష్‌లలో ముఖ్యంగా రెండు పద్ధతులు కనిపిస్తాయి. టి.టి.ఎల్. అనే స్వయంచాలక పద్ధతిలో అసలు వెలుగుకు ముందు ఒక చిన్న మెరుపు వెలువడుతుంది. ఎదుటివారిపై పడి లెన్సు గుండా తిరిగివచ్చిన ఆ కాంతిని కొలిచి యంత్రమే మోతాదు నిర్ణయిస్తుంది. మాన్యువల్ పద్ధతిలో పూర్తి శక్తి, సగం, నాలుగవ వంతు, ఎనిమిదవ వంతు అంటూ మోతాదును మనమే నిర్ణయిస్తాము. కొత్తగా నేర్చుకొనేవారికి మొదటిదే సులభమని పలువురు చెబుతారు. రెండవదానితోనే ప్రారంభించాలని నా అభిప్రాయం.

కారణం మన సభలలోనే కనిపిస్తుంది. తెల్లని కుర్తా, నల్లని షేర్వాణీ, బురఖా, జరీచీర వేదికపై పక్కపక్కనే ఉంటాయి. తిరిగివచ్చే కాంతిని కొలిచే యంత్రం ఎదుట ఉన్నది మధ్యస్థమైన బూడిదరంగు అన్న ఊహతో లెక్క వేస్తుంది. తెల్లని దుస్తులు చిత్రమంతా నిండితే వెలుగు ఎక్కువైనదని తగ్గిస్తుంది, ముఖం నల్లబడుతుంది. నల్లని దుస్తులు నిండితే వెలుగు చాలలేదని పెంచుతుంది, ముఖం పాలిపోతుంది. మాన్యువల్ మోతాదుకు దుస్తుల రంగుతో పనిలేదు. మనిషి ఎంత దూరంలో ఉన్నాడన్నదే దానికి ప్రధానం.

ఆ లెక్క కష్టమైనదీ కాదు. ప్రతి ఫ్లాష్‌కు గైడ్ నంబరు ఒకటి ఉంటుంది. దానిని దూరంతో భాగిస్తే ఎపర్చరు సంఖ్య వస్తుంది. ఐ.ఎస్.ఓ. 100 వద్ద, పూర్తి శక్తితో, ఆ నంబరు మీటర్లలో 32 అనుకొందాం. 4 మీటర్ల దూరంలోని వ్యక్తికి ఎఫ్ 8, 2 మీటర్లలో ఉన్నవారికి ఎఫ్ 16 సరిపోతుంది. ఐ.ఎస్.ఓ.ను 400కు పెంచితే నాలుగవ వంతు శక్తితోనే ఆ ఫలితం లభిస్తుంది. ఫ్లాష్ కూడా త్వరగా మరల సిద్ధమవుతుంది.

షట్టరు వేగం సంగతి వేరు. ఫ్లాష్ మెరుపు అతి స్వల్పకాలికం కనుక షట్టరును మార్చితే ముఖంపై పడే మెరుపు మారదు. వెనుక ఉన్న హాలు వెలుగు మాత్రం మారుతుంది. 1/200 వద్ద నల్లగా కనిపించే వెనుకభాగం 1/60 వద్ద తోరణాలతో, జనంతో సజీవమవుతుంది. అయితే కెమెరాకు నిర్ణయించిన సింక్ వేగాన్ని, అనేక కెమెరాలలో 1/200 లేదా 1/250ను, మించితే చిత్రంలో ఒక పక్క నల్లని పట్టీ పడుతుంది.

బృంద చిత్రాలలో దూరం మరింత ముఖ్యం. కాంతి తీవ్రత దూరపు వర్గానికి విలోమానుపాతంలో తగ్గుతుందని భౌతికశాస్త్ర విద్యార్థులకు తెలుసు. ముందు వరుస 3 మీటర్లలో, వెనుక వరుస నాలుగున్నర మీటర్లలో ఉంటే వెనుకవారికి అందేది సగంకన్న తక్కువ వెలుగు. ఫోటోగ్రాఫరు మరి 3 మీటర్లు వెనుకకు జరిగితే వారికి దాదాపు మూడింట రెండు వంతులు అందుతుంది. వెనుక నిలబడినవారూ మన విద్యార్థులే కదా! గదిలో తెల్లని, అంతగా ఎత్తులేని పైకప్పు ఉంటే ఫ్లాష్ తలను దానివైపు తిప్పి, శక్తిని సుమారు నాలుగు రెట్లు పెంచి చూడవచ్చు. నీడలు మెత్తబడి ముఖాలు సహజంగా కనిపిస్తాయి. రంగు వేసిన కప్పయితే ఆ రంగే ముఖాలపైకి దిగుతుంది.

టి.టి.ఎల్. నిరర్థకమని నా వాదన కాదు. ముఖ్య అతిథి ద్వారం నుండి వేదికవరకు నడిచివస్తున్నపుడు అడుగడుగునా దూరం మారుతుంది. అక్కడ యంత్రపు వేగం మనకు రాదు. కాని దూరానికీ వెలుగుకూ గల సంబంధం ఎరిగినవాడే యంత్రం తప్పును గుర్తించి సవరించగలడు. ఆరవ నిజాం ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్‌దయాళ్ కాలంలో ఎలక్ట్రానిక్ ఫ్లాష్ లేదు. అయినను వెలుతురు స్వభావం ఎరిగిన ఆయన కృషివల్లనే నాటి హైదరాబాదు నేటికీ మన కన్నుల ముందు నిలిచి ఉన్నది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. ఖరీదైన స్వయంచాలక పరికరం కొనడానికి ముందు సాధారణమైన మాన్యువల్ ఫ్లాష్ ఒకటి కొని, ఉత్సవానికి వారంరోజుల ముందే విద్యార్థుల చేతికి ఇవ్వండి. ఖాళీ వేదికపై మిత్రులను నిలబెట్టి, దూరం కొలిచి, తెల్లని దుస్తులకూ నల్లని దుస్తులకూ పరీక్షించి చూడనివ్వండి. ఫిలిం కడిగించేవరకు వేచియుండే రోజులు కావు. ఫలితం వెంటనే తెరపై కనిపిస్తుంది. నాలుగు దూరాలకు నాలుగు ఎపర్చరు సంఖ్యలు వ్రాసిన చిన్న చీటీ జేబులో ఉంటే చాలు. ఆనాడు వేదికనెక్కిన ఏ విద్యార్థి ముఖమూ వెలుగులో కరిగిపోదు, చీకటిలో కలిసిపోదు.