పేరు ఎవడు పెట్టాలె?

బార్కస్‌లో బస్సు దిగి ఆ పేరెక్కడిదని అడిగి చూడండి. 'బ్యారక్స్' అని చెప్తరు. యెమెన్ దేశపు హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బు సిపాయిలను ఉంచిన చోటది. నిజాం రాజ్యం 1948లో పోయింది, పేరు మిగిలింది. మాసబ్‌ట్యాంక్ పక్కన ఏ.సి. గార్డ్స్ కూడా అంతే. ఆఫ్రికా మూలాలున్న సిద్దీల గుర్రపు దళం పేరది. కాపలా కాసినోళ్లకు కాపలా పేరే మిగిలింది. పాతబస్తీ పెండ్లి బారాత్‌కు మర్ఫా కావాలె. కొట్టేటోడు మాత్రం హబ్షీ! డప్పు కొట్టిన మనకు ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కర లేదు.

దొర పెట్టిన పేరు మొయ్యమన్నది నల్లవాళ్ల పోరాటంలో పెద్ద మాట. మాల్కం లిటిల్ తన ఇంటిపేరు బానిస యజమాని ముద్ర అని కొట్టేసి 'ఎక్స్' పెట్టుకున్నాడు. 1966లో స్టోక్లీ కార్మైకేల్ మిసిసిపీలో 'బ్లాక్ పవర్' అని నినదిస్తే, తిట్టుగా ఉన్న నలుపు జెండా అయింది.

ఇది మనం అరువు తెచ్చుకున్న బుద్ధి కాదు. అంతకు 49 ఏండ్ల ముందే, 1917లో, బెజవాడలో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ 'పంచమ' పేరును తోసేసి 'ఆది ఆంధ్ర' అన్నది. ఈ నేలకు మేమే మొదటివాళ్లం అన్నది. 1972లో బొంబాయి యువకులు దళిత్ పాంథర్స్ అని పేరు పెట్టుకుంటే, అమెరికా నల్ల చిరుతకు మనం చుట్టాలమైనం.

పేరు మారితే కడుపు నిండుతదా అని మనోళ్లే అడుగుతరు. నిండదు. ఆ సంగతి బ్లాక్ పాంథర్లకూ తెలుసు. అందుకే 1969లో బడిపిల్లలకు పొద్దున పూట ఉచితంగా తిండి పెట్టడం మొదలుపెట్టారు. పేరూ కావాలె, అన్నమూ కావాలె.

పేరు ఉత్తదే అనేవాళ్లను మేం ఒకటి అడుగుతాం. 2022 మే నెలలో కోనసీమ జిల్లాకు అంబేద్కర్ పేరు చేరుస్తామంటే అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు ఎందుకు తగలబెట్టారు? పేరుకు ఎంత బలముందో మనకంటే వాళ్లకే బాగా తెలుసు.

మన తాతల పేర్లకు ఇంకా 'గాడు' తగిలించి పిలిచేటోళ్లున్నరు. పిలిచినోణ్ణి నిలబెట్టి అడగండి. అడిగిన రాత్రే వాడలో పిల్లల చదువుకు చాప పరవండి. మన పేరు మనమే పెట్టుకుందాం. ఆ పేరుతోనే పిలిపించుకుందాం.