తాతల యుద్ధసేవ: ఎవరి పేరు రాతికెక్కింది?

ప్రపంచ యుద్ధాలలో పనిచేసిన తాతముత్తాతలను స్మరించుకునే అలవాటు మన సమాజంలోనూ బలపడుతున్నది. ట్రంకుపెట్టె అడుగున దొరికిన పతకం, మడతల దగ్గర చిరిగిన డిశ్చార్జి కాగితం, యూనిఫాంలో నిలబడి తీయించుకున్న ఒకే ఒక ఫోటో వంశ గౌరవానికి సాక్ష్యాలవుతున్నాయి. ఇందులో ఆక్షేపించవలసినది ఏమీ లేదు. అయితే మనుమడు తాతను గౌరవించాలంటే ఆ తాత పేరు ముందుగా ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి. ఎవరి పేరు రాశారు, ఎవరిని అంకెలో కలిపేశారు అని అడిగిన మరుక్షణం కులం ఎదురవుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటిష్ ఇండియా సైన్యంలోకి చేర్చుకున్న 14 లక్షల పైచిలుకు మందిలో దాదాపు 5 లక్షల 60 వేల మంది తుపాకీ పట్టనివారు. సైనిక పరిభాషలో వారు ‘ఫాలోయర్లు’, అంటే వెంట నడిచేవారు. వారిలోనూ అంతస్తులున్నాయి. గాయపడినవారిని మోసేవారు, కంచరగాడిదలను తోలేవారు పై మెట్టు మీద ఉంటే, వంటవారు, నీళ్లు మోసే భిస్తీలు, క్షురకులు, చాకళ్లు, మరుగుదొడ్లు శుభ్రం చేసేవారు అడుగు మెట్టు మీద ఉండేవారు. జీతం, రేషన్, పింఛను అన్నీ ఆ మెట్లను బట్టే. ఊరిలో ఏ కులం ఏ పని చేయాలో నిర్ణయించిన నియమమే ఓడ ఎక్కి బస్రా దాకా వెళ్లింది. ఈ చరిత్రను విస్తృతంగా వెలికితీసిన రాధికా సింఘా గ్రంథం ‘ది కూలీస్ గ్రేట్ వార్’ 2020లో గాని రాలేదు. అంటే యుద్ధం ముగిసి వందేళ్లు దాటాక.

చనిపోయినవారి సంగతి చూద్దాం. ఫ్రాన్స్‌లోని నవ్ షాపెల్ స్మారకం మీద 4,700 మందికి పైగా భారతీయుల పేర్లున్నాయి. మెసొపొటేమియాలో మరణించినవారి కోసం కట్టిన బస్రా స్మారకం మీద భారతీయ అధికారుల పేర్లు చెక్కి, సాధారణ సిపాయిలను దళాల వారీగా అంకెలుగా మాత్రమే చూపారు. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ 2021లో వెలువరించిన నివేదికలో ఈ వివక్షను స్వయంగా అంగీకరించింది. ఆఫ్రికా, ఆసియాలకు చెందిన కనీసం 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది వరకు, పేరుతో స్మరించలేదని, కొందరిని అసలే స్మరించలేదని అందులో ఉంది. ఆ లోపానికి జాతివివక్షను కారణంగా చూపిన నివేదిక అది. సిపాయి పేరే దక్కని చోట భిస్తీ పేరు దక్కుతుందా?

రాతి మీది పేరుకు ఎంత శక్తి ఉంటుందో తెలియాలంటే కోరేగావ్ చూడాలి. 1818 జనవరి 1న పీష్వా సేనతో జరిగిన పోరులో కంపెనీ పక్షాన మరణించిన మహార్లలో 22 మంది పేర్లు అక్కడి స్తంభం మీద ఉన్నాయి. చివర ‘నాక్’ అని ముగిసే ఆ పేర్లే వారి కులాన్ని చెబుతాయి. 1927 జనవరి 1న అంబేడ్కర్ అక్కడికి వెళ్లారు. ఆయన తండ్రి రామ్‌జీ సుబేదారు, తాత మాలోజీ కూడా సైన్యంలో పనిచేసినవాడే. సైన్యంలో చదువు తప్పనిసరి కావడం, తండ్రి సైనిక పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు కావడం ఆ ఇంటి గతిని మార్చాయి. అంబేడ్కర్ పుట్టిన మౌ కూడా సైనిక కంటోన్మెంటే. ఆ స్తంభం మీద పేర్లకు బదులు ‘మరి 22 మంది’ అని ఉండి ఉంటే, ఏటా లక్షల మంది అక్కడికి చేరే సంప్రదాయం ఏర్పడేదా అని నాకు సందేహమే.

2018లో ఆ యుద్ధపు ద్విశతాబ్ది నాడు అక్కడ హింస జరిగింది. బ్రిటిష్ వారికి ఊడిగం చేసిన తాతలను పూజించడమేమిటన్న ప్రశ్న అప్పటి నుంచి మరింత బిగ్గరగా వినిపిస్తున్నది. అదే బ్రిటిష్ సైన్యంలో చేరిన రాజపుత్ర, జాట్, సిక్కు, గూర్ఖా తాతల గురించి మాత్రం ఎవరూ ఈ ప్రశ్న వేయరు. వారిది శౌర్యం, వీరిది ద్రోహం! ఊరి వెట్టి నుంచి తప్పించుకోవడానికి, పూట గడవడానికి, నెలజీతం చూడటానికి సైన్యంలో చేరినవారికి సామ్రాజ్యం మీద ప్రేమ ఉండనక్కరలేదు. వారిని స్మరించే మనుమలకు అసలే అక్కరలేదు.

నిజానికి ఆ సామ్రాజ్యం వారిని వాడుకుని వదిలేసింది. ‘యుద్ధ జాతుల’ సిద్ధాంతం పేరిట 1890ల తొలినాళ్లలో మహార్ల భర్తీ ఆపేశారు. తిరిగి చేర్చుకోమని గోపాల్ బాబా వలంగ్కర్, తరువాత శివరాం జాన్బా కాంబ్లే అర్జీలు పెట్టవలసి వచ్చింది. 1917లో మనుషులు చాలక 111వ మహార్ దళాన్ని లేపి, యుద్ధం ముగిశాక 1921లో రద్దు చేశారు. 1941లో మళ్లీ మహార్ రెజిమెంట్ వచ్చింది. 1943లో లేచిన చమార్ రెజిమెంట్ 1946లోనే మాయమైంది. పంజాబులో సైనికులకు కాలువల కింద భూములు దక్కాయి. కానీ 1900 నాటి భూమి బదిలీ చట్టం దళితులను ‘వ్యవసాయ జాతుల’ జాబితాలో చేర్చనే లేదు. సేవ ఒకటే అయినా సేద్యపు భూమి మాత్రం ఒకరికే.

తెలుగువారికి ఈ కథ దూరమైనది కాదు. ఉత్తరాదిన సిపాయికి ‘తిలంగా’ అన్న పేరే మన నేల నుంచి వచ్చింది. అయినా మద్రాసు సైన్యానికి సేనానిగా పనిచేసిన లార్డ్ రాబర్ట్స్ దక్షిణాది సైనికులలో యుద్ధపటిమ నశించిందని తేల్చాడు. వారి పదాతిదళాలు క్రమంగా రద్దయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొచ్చాక అదే మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి భారీగా భర్తీ చేసుకున్నారు. మాల, మాదిగ పల్లెల నుంచి వెళ్లినవారూ అందులో ఉన్నారు. యుద్ధం కాగానే ఇంటికి పంపేయడంతో చాలామందికి పింఛనుకు కావలసిన సర్వీసు పూర్తి కాలేదు. పింఛను లేకపోతే నెలనెలా కచేరీలో సంతకం లేదు. సంతకం లేనప్పుడు ప్రభుత్వ కాగితాలలో ఆ మనిషి ఆచూకీ పలచబడుతుంది. ఢిల్లీలో 2019లో ప్రారంభమైన జాతీయ యుద్ధ స్మారకం స్వాతంత్ర్యం తరువాత మరణించినవారి కోసం కట్టినది. ఇండియా గేట్ 70 వేలకు పైగా మృతుల స్మారకమైనా దాని మీది పేర్లు 13 వేల పైచిలుకే.

కులం పేరిట రెజిమెంట్లను పునరుద్ధరించమనే డిమాండు తరచు వినిపిస్తుంది. అందులోని ఆత్మగౌరవ కాంక్షను గౌరవిస్తూనే, ‘యుద్ధ జాతి’ అన్న వలస ముద్ర కోసం మనం కూడా వరుసలో నిలబడటం నాకు సమ్మతం కాదు. కావలసినది పేర్ల పని. లాహోర్ మ్యూజియంలో పడి ఉన్న పంజాబు సైనికుల రిజిస్టర్లు, సుమారు 3 లక్షల 20 వేల మంది వివరాలున్నవి, 2021 నుంచి విడతలుగా ఆన్‌లైన్‌లోకి రావడం మొదలైంది. బ్రిటన్‌లో స్థిరపడిన కుటుంబాలు ఊరి పేరుతో వెతికి తమ తాతలను గుర్తుపట్టాయి. మన జిల్లాలకు అటువంటి పని కావాలి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల దస్త్రాలు, మాజీ సైనికులకు భూమి కేటాయించిన రెవెన్యూ కాగితాలు, ఇళ్లలోని డిశ్చార్జి పత్రాలు ఒకచోట చేర్చడం విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలకు అసాధ్యమేమీ కాదు. పరిశోధక విద్యార్థులు తమ ఊరి నుంచే మొదలుపెట్టవచ్చు.

ఆ పనిలో రెండు జాగ్రత్తలు అవసరం. సిపాయిల జాబితా మాత్రమే తయారుచేస్తే పాత అన్యాయమే పునరావృతమవుతుంది. ఫాలోయర్లను, లేబర్ కోర్ వారిని అదే వరుసలో, అదే అక్షరాలలో చేర్చాలి. ఇక భర్తీ పత్రాలలో ఉన్న కులం గడిని ప్రచురించాలా, వద్దా అన్న చిక్కు వస్తుంది. తీసేయడమే మర్యాద అని కొందరు అంటారు. ఆ గడి తీసేస్తే ఎవరికి ఏ పని అప్పగించారో, ఎందుకు అప్పగించారో తెలియకుండా పోతుంది. కుటుంబం వద్దన్న చోట తప్ప దానిని ఉంచాలనే నేనంటాను.

ఇంట్లో మొదటి ప్రపంచ యుద్ధం నాటి పతకం ఉన్నవారు దాని అంచును భూతద్దంతో చూడండి. సంఖ్య, పేరు, దళం అక్కడ చెక్కి ఉంటాయి. లోహాన్ని కూడా గమనించండి. బ్రిటిష్ వార్ మెడల్‌ను సిపాయిలకు వెండిలో ఇచ్చారు, లేబర్ కోర్ వారికి కంచులో పోశారు.