బద్ధకం అనే ముందు ఒకసారి ఎత్తు కొలవండి

రెండేళ్ల కిందట ఏడో తరగతిలో ఒక అమ్మాయిని నేను బద్ధకస్తురాలి కింద జమకట్టేశాను. ఉదయం స్టడీ అవర్‌లో తల వాల్చేసేది. క్లాసంతా చెమటలు కక్కుతుంటే తను మాత్రం ఫ్యాను ఆపమనేది. తొంభైలు తెచ్చుకునే పిల్ల యూనిట్ టెస్టుల్లో అరవైలకు దిగింది. పేరెంట్స్ మీటింగ్‌లో వాళ్లమ్మగారితో, "ఫోన్ తగ్గించండమ్మా" అన్నాను. "ఫోన్ ఇవ్వట్లేదు మేడమ్, రాత్రి ఎనిమిదిన్నరకే నిద్రపోతోంది" అన్నారావిడ. ఆ మాట దగ్గర నేను ఆగాల్సింది. ఆగలేదు. ఆ నెలలోనే పాప సెక్షన్ మారింది.

బయాలజీ చెప్పే నాకు తట్టనిది ఆ తల్లికి తట్టింది. ఆరో తరగతిలో కుట్టించిన యూనిఫాం ఏడో తరగతి చివరికి కూడా పొట్టి కాలేదట. ఆ సంగతి పిల్లల డాక్టరుగారికి చెబితే ఆయన మొదట అడిగింది స్కూల్లో రాసిన ఎత్తు, బరువు లెక్కలు. ఏడాదికి కనీసం అయిదు సెంటీమీటర్లయినా పెరగాల్సిన వయసులో ఆ పాప రెండు సెంటీమీటర్లు కూడా పెరగలేదు. రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ 100 దాటింది. మామూలుగా అది 4, 5 లోపు ఉండాలి. టీపీఓ యాంటీబాడీలు కూడా బాగా ఎక్కువ ఉన్నాయి. జబ్బు పేరు హషిమోటో థైరాయిడైటిస్. ఆ ఎత్తు లెక్కలు మా స్కూలు రిజిస్టర్‌లోనే ఉన్నాయి. రాసినవాళ్లం మేమే, చూడనివాళ్లమూ మేమే.

మనవాళ్లు "థైరాయిడ్ వచ్చింది" అంటారు. థైరాయిడ్ అందరికీ ఉంటుంది. గొంతు ముందు భాగాన సీతాకోకచిలుక ఆకారంలో ఉండే గ్రంథి అది. వచ్చేది దాని జబ్బు. క్రిముల మీద పోరాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ ఈ గ్రంథినే పరాయిదనుకుని కొద్దికొద్దిగా దెబ్బతీస్తుంది. జపాన్ డాక్టర్ హకారు హషిమోటో 1912లోనే ఈ జబ్బును వర్ణించారు కానీ, ఇందులో యాంటీబాడీల పాత్ర 1956లో గానీ బయటపడలేదు. అయోడిన్ ఉప్పు అందుతున్న చోట పిల్లల్లో, పెద్దయ్యే వయసులో వచ్చే హైపోథైరాయిడిజానికి ఎక్కువగా కారణం ఇదే. మగపిల్లలకంటే ఆడపిల్లల్లో ఎక్కువ, కుటుంబాల్లోనూ కనిపిస్తుంది.

ఇప్పుడు దీనికి రెండో వైపు. ఈ సంగతి తెలిశాక మా స్టాఫ్ రూమ్‌లోనే ఇద్దరు తమ పిల్లలకు ప్యాకేజీ టెస్టులు చేయించేశారు. ఒక అబ్బాయికి యాంటీబాడీలు పాజిటివ్, టీఎస్‌హెచ్ మాత్రం నార్మల్. ఇంట్లో రెండు రోజులు వంట లేదు! ఇక్కడ కాస్త నిదానం కావాలి. హషిమోటోలో యాంటీబాడీ ప్రధానంగా సాక్షి లాంటిది. గ్రంథి మీద దాడి జరుగుతోందని చెబుతుంది, గ్రంథి పని ఎంత తగ్గిందో చెప్పదు. అది చెప్పేది టీఎస్‌హెచ్, టీ4. అవి బాగుంటే సాధారణంగా మాత్ర అక్కర్లేదు. డాక్టరు చెప్పిన గడువుకు టీఎస్‌హెచ్ చూపించుకుంటే చాలు. యాంటీబాడీల అంకె పెరిగిందా తగ్గిందా అని మూడు నెలలకోసారి చేయించడం డబ్బు దండగ, ఆ అంకెను బట్టి డోసు మారదు. జుట్టు కోసం వేసుకునే బయోటిన్ మాత్రలు థైరాయిడ్ రిపోర్టులను తారుమారు చేయగలవు. వేసుకుంటుంటే పరీక్షకు ముందే డాక్టరుకు చెప్పండి.

గ్రేవ్స్ జబ్బులో కథ వేరు. అక్కడ యాంటీబాడీయే గ్రంథిని ఎక్కువ పనిచేయమని తరుముతుంది. పిల్లలు బాగా తింటూనే చిక్కిపోతారు, చేతులు వణికి చేతిరాత పాడవుతుంది, గుండె దడ, కుదురుగా కూర్చోలేరు. దానికి మేము పెట్టే పేరు అల్లరి.

నన్ను అన్నింటికంటే బాధపెట్టింది మరొకటి. ఆ అమ్మగారు రిపోర్టు చూపించి, "ఆడపిల్ల కదా మేడమ్, ఎవరికీ తెలియనివ్వకండి, రేపు సంబంధాలప్పుడు ఇబ్బంది" అన్నారు. పన్నెండేళ్ల పిల్లకు! రోజుకో మాత్ర సరిగా వేసుకుంటే చదువుకైనా, పెళ్లికైనా, బిడ్డల్ని కనడానికైనా ఈ జబ్బు సాధారణంగా అడ్డు కాదు. దాచడం వల్లే ఇబ్బంది. లీవోథైరాక్సిన్ మాత్ర పరగడుపున వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి తినాలి. ఐరన్, క్యాల్షియం మాత్రలకు నాలుగు గంటల ఎడం ఉండాలి. ఆరున్నరకు బస్సెక్కే పిల్ల మాత్ర, పాలు ఒకే గుక్కలో తాగేస్తే మందు సరిగా ఒంటబట్టదు. క్లాస్ టీచరుకు, హాస్టల్లో వార్డెనుకు తెలిస్తే కదా టిఫిన్ కాస్త వెనక్కి జరిపేది?

ఆ పాప ఇప్పుడు తొమ్మిదిలో ఉంది. ఈ ఏడాది యూనిఫాం రెండుసార్లు కొనాల్సి వచ్చిందని వాళ్లమ్మగారి ఫిర్యాదు. సెక్షన్ మాత్రం ఇంకా మారలేదు, అది నా మనసులో ముల్లులాగే ఉంది.

ప్రోగ్రెస్ కార్డులో మార్కుల పక్కనే ఎత్తు, బరువు, పోయినేడాది అంకెలతో కలిపి అచ్చువేయాలని మేనేజ్‌మెంటుకు రాసిచ్చాను. ర్యాంకుకు చోటుండే కార్డులో దీనికి ఒక గడి దొరక్కపోదు. అంతవరకూ మీరే ఇంట్లో గోడ మీద పెన్సిల్‌తో గీత గీసి, తేదీ వేసి ఉంచండి. ఆరు నెలల తర్వాత గీత కదలకపోతే మాతో కాదు, ముందు పిల్లల డాక్టరుతో మాట్లాడండి.