కుర్చీ ఖాళీ అయ్యాక గుర్తొచ్చే మనిషి

గట్టు మీది మాట
శబరి

పెళ్లి పెత్తనానికి అల్లుణ్ణి, అప్పు తీర్చడానికి కొడుకుని పిలిచే ఇళ్లు మనకు తెలుసు. మన దేశంలో ఫుట్‌బాల్ క్లబ్బులు తమ అసిస్టెంట్ కోచ్‌లను చూసే తీరు అచ్చంగా అదే. ఖజానా నిండుగా ఉన్నప్పుడు స్పెయిన్ నుంచో పోర్చుగల్ నుంచో పెద్ద కోచ్ దిగుతాడు. జీతాలు ఆగి, ఆటగాళ్లు పెట్టెలు సర్దుకున్నాక, ఇన్నాళ్లూ గీత పక్కన నిలబడి నోట్సు రాసుకున్న అసిస్టెంట్ గుర్తొస్తాడు. ఆయన ఓడితే అనడానికి మాట సిద్ధంగానే ఉంటుంది: చూశారా, మనవాళ్ల వల్ల కాదు.

సొంత సిబ్బందిలోంచే హెడ్ కోచ్‌ని ఎంచుకోవాలా, బయటి నుంచి తెచ్చుకోవాలా అన్నది ఫుట్‌బాల్ లోకంలో పాత తగవు. ఎంచుకోవాలనే నేనంటాను. కాకపోతే ఎప్పుడు ఎంచుకుంటున్నామన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు మన రాష్ట్రంలోనే ఒక క్లబ్బు చరిత్రలో రాసి ఉంది.

2019లో పుట్టిన హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్‌లో తన తొలి సీజన్‌లో అట్టడుగున నిలిచింది. ఇంగ్లిష్ కోచ్ ఫిల్ బ్రౌన్‌ని సీజన్ మధ్యలోనే సాగనంపారు. తర్వాత ఖాయం చేసుకున్న ఆల్బర్ట్ రోకా, బార్సిలోనా పిలవగానే అటు వెళ్లిపోయాడు. 2020లో మనోలో మార్క్వెజ్ వచ్చాక దశ తిరిగింది. భారతీయ కుర్రాళ్లను నమ్మి ఆడించాడు. 2022 మార్చి 20న గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్ 1-1 దగ్గర ఆగింది. షూటౌట్‌లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపి కప్పు హైదరాబాద్‌కు తెచ్చాడు. మరుసటి సీజన్‌లో జట్టు లీగ్ పట్టికలో రెండోది. ఆ రోజుల్లో మనోలో పక్కన ఉన్న మనిషి థాంగ్‌బోయ్ సింగ్టో. అంతకు ముందు షిల్లాంగ్ లజాంగ్‌లో కుర్రాళ్లను తీర్చిదిద్దుతాడని పేరు తెచ్చుకున్న మణిపురి కోచ్.

2023లో మనోలో ఎఫ్‌సీ గోవాకు వెళ్లాడు. వారసుడు ఇంట్లోనే ఉన్నాడు. జట్టు ఆట తెలిసినవాడు, ఏ కుర్రాడిని గద్దించాలో ఎవరిని బుజ్జగించాలో తెలిసినవాడు. క్లబ్బు మాత్రం ఐర్లండ్ కోచ్ కానర్ నెస్టర్‌ని కూడా తెచ్చుకుంది. ఆ పొత్తు ఎక్కువ కాలం నిలవలేదు. చివరికి పగ్గాలు పూర్తిగా సింగ్టో చేతికి వచ్చాయి. వాటితో పాటు ఏం వచ్చాయో కూడా చూడాలి. జీతాల బకాయిలు, కొత్త ఆటగాళ్లను తీసుకోనివ్వని ఫిఫా నిషేధం, సీజన్ సగంలోనే జట్టు విడిచి వెళ్లిన విదేశీయులు. ఆ సీజన్‌లో 22 మ్యాచ్‌లు ఆడిన జట్టు సాధించింది 1 గెలుపు, 5 డ్రాలు, 16 ఓటములు. మొత్తం 8 పాయింట్లు, ఆఖరి స్థానం.

మరుసటి ఏడు యాజమాన్యం మారింది కానీ రాత మారలేదు. 2024 డిసెంబరులో సింగ్టో దిగిపోయాడు. క్లబ్బు మళ్లీ ఇంట్లోకే చూసి, రిజర్వ్ జట్టును నడిపే షమీల్ చెంబకత్‌కు తాత్కాలికంగా బాధ్యత అప్పగించింది. 13 జట్లలో 12వ స్థానంతో ఆ సీజన్ ముగిసింది. 2025లో క్లబ్బే ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. సొంత మనుషులను రెండుసార్లు ఎక్కించారు, రెండుసార్లూ దెబ్బతిన్నారు అని ఎవరైనా రాస్తే అందులో అంకెలు తప్పు కావు. తీర్పు తప్పు. ఇంధనం అయిపోయిన బండికి డ్రైవర్ని మార్చి, నడపడం రాదని ఆ డ్రైవర్నే తిడితే ఎలా?

ఇండియన్ సూపర్ లీగ్‌లో ఇలాంటి కథలు ఇంకా ఉన్నాయి. 2021 జనవరిలో నార్త్ ఈస్ట్ యునైటెడ్ తన స్పానిష్ కోచ్ జెరార్డ్ నస్‌ని తప్పించి, అసిస్టెంటుగా ఉన్న ఖాలిద్ జమీల్‌కు జట్టు అప్పగించింది. అక్కడి నుంచి లీగ్ ముగిసేదాకా ఆ జట్టు ఓడలేదు, సెమీ ఫైనల్‌కు చేరింది. ఆ తర్వాత అతణ్ణే పూర్తిస్థాయి హెడ్ కోచ్‌ని చేశారు. ఈ లీగ్‌లో ఒక భారతీయుడికి ఆ హోదా దక్కడం అదే మొదలు. తర్వాతి సీజన్‌లో జట్టు కింది నుంచి రెండో స్థానానికి జారింది. అయినా ఆ అనుభవం వృథా పోలేదు. 2025 ఆగస్టులో ఖాలిద్ భారత జట్టుకే హెడ్ కోచ్ అయ్యాడు. ఆయనకు ముందు ఆ కుర్చీలో ఉన్నది మన మనోలోనే.

భద్రాచలం అడవి దాటితే వచ్చే ఒడిశాది మరో ముచ్చట. 2023 మార్చిలో ఒడిశా ఎఫ్‌సీ కోచ్ జోసెప్ గొంబావు వెళ్లాక, సూపర్ కప్‌కు తాత్కాలిక కోచ్‌గా అసిస్టెంట్ క్లిఫోర్డ్ మిరాండాను పంపారు. ఏప్రిల్‌లో కోజికోడ్‌లో బెంగళూరును 2-1తో ఓడించి, క్లబ్బు చరిత్రలోనే తొలి పెద్ద కప్పు తెచ్చిపెట్టాడు. బహుమానం ఏమిటి? కొత్త సీజన్‌కు స్పెయిన్ నుంచి సెర్జియో లొబేరా వచ్చాడు. మిరాండా మోహన్ బగాన్‌లో మళ్లీ అసిస్టెంట్ అయ్యాడు. లొబేరా గొప్ప కోచ్ అనడంలో సందేహం లేదు. కానీ ఓడితే మనవాడి చేతగానితనం, గెలిస్తే తాత్కాలికం అనుకునేచోట ఏ అసిస్టెంటు ఏం పెట్టుకుని పని చేస్తాడు?

ఈ ప్రశ్నను ఫుట్‌బాల్ ఊసే తక్కువైన మన వైపు జనం బాగా అర్థం చేసుకోగలరు. కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరుల్లో మేనేజర్ అంటే ముందు బొగ్గుబాయి మేనేజరే. ఆ కుర్చీకి ఒక నిచ్చెన ఉంది. మైనింగ్ సర్దార్, ఓవర్‌మెన్, అండర్ మేనేజర్, మేనేజర్. ప్రతి మెట్టుకూ గనిలో ఇన్నాళ్లు పనిచేసిన అనుభవం కావాలి, గనుల భద్రతా డైరెక్టరేట్ పెట్టే పరీక్ష నెగ్గి పట్టా తెచ్చుకోవాలి. బాయిలో పుట్టి పెరిగినా పట్టా లేకపోతే ఎక్కనివ్వరు. పట్టా ఉన్నా పైకప్పు చప్పుడును చెవితో గుర్తుపట్టలేనివాణ్ణి కార్మికులు నమ్మరు. ఇంజినీరింగ్ చదివి నేరుగా వచ్చేవాళ్లూ ఉంటారు. వాళ్లు కూడా కింద కొంతకాలం నలిగి, పరీక్ష రాయాల్సిందే. ఇంటివాడికి మినహాయింపు లేదు, బయటివాడికి అడ్డు లేదు. ఈ గనులు నడిపే సింగరేణి సంస్థ అధిపతి కుర్చీలో మాత్రం చాలా ఏళ్లుగా ఐఏఎస్, ఐఆర్‌ఎస్ అధికారులనే చూస్తున్నాం. గనిలో ఎదిగినవాడికి అది కూడా అందాలా అన్న వాదన కొత్తగూడెంలో చాయ్ దగ్గర ఈ రోజుకీ తెగదు.

ఫుట్‌బాల్ కోచింగులోనూ లైసెన్సుల మెట్లున్నాయి. మన క్లబ్బుల్లో లేనిదల్లా లైసెన్సు ఉన్నవాడికి బాధ్యతను కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోయే అలవాటు. దాన్ని ప్రపంచానికి నేర్పింది లివర్‌పూల్. ఆన్‌ఫీల్డ్ స్టేడియంలో బూట్లు దాచే ఒక ఇరుకు గదిలో కోచ్‌లు కూర్చుని ఆట గురించి మాట్లాడుకునేవారు. 1974లో బిల్ షాంక్లీ హఠాత్తుగా తప్పుకున్నప్పుడు క్లబ్బు ఆ గదిలోకే చూసి బాబ్ పెయిస్లీని పైకి తెచ్చింది. 1939లో ఆటగాడిగా చేరి, ఆటగాళ్ల గాయాలకు కట్లు కట్టి, అసిస్టెంటుగా ఎదిగినవాడు. మొదటి సీజన్‌లో లీగ్ టైటిలూ రాలేదు, పెద్ద కప్పూ రాలేదు. క్లబ్బు కంగారు పడలేదు. 1983లో దిగిపోయేలోపు ఆయన 6 లీగ్ టైటిళ్లు, 3 యూరోపియన్ కప్పులు గెలిచాడు. ఆయన తర్వాత అదే గదిలోంచి వచ్చిన జో ఫాగన్ తొలి సీజన్‌లోనే మూడు కప్పులు ఎత్తాడు. పెయిస్లీకి దొరికి సింగ్టోకి దొరకనివి రెండు. నిండు జట్టు, ఒక ఏడాది ఓపిక.

2022లో మెస్సీ కప్పెత్తుతుంటే ఖమ్మంలో కూడా అర్ధరాత్రి టపాసులు పేల్చినవాళ్లు ఆ జట్టు కోచ్ ఎవరో గమనించారో లేదో. లియోనెల్ స్కలోని. 2018 ప్రపంచ కప్‌లో చతికిలబడిన అర్జెంటీనా జట్టుకు సహాయక కోచ్. హెడ్ కోచ్ వెళ్లిపోయాక తాత్కాలికంగా కూర్చోబెట్టారు. అనుభవం లేనివాడికి ఇంత జట్టా అని విమర్శించినవాళ్లు ఎందరో. 2021లో కోపా అమెరికా, 2022లో ప్రపంచ కప్ వాళ్ల నోళ్లు మూయించాయి.

అయితే ఇంటివాడనే కారణమొక్కటే చాలదు. 1969లో మాంచెస్టర్ యునైటెడ్‌లో మ్యాట్ బస్బీ తప్పుకుని, శిక్షణ సిబ్బందిలోని విల్ఫ్ మెక్‌గిన్నెస్‌ను పైకి తెచ్చారు. వయసు 31. ఒకప్పుడు తనతో ఆడినవాళ్లనే ఇప్పుడు పక్కన పెట్టాలి. పైగా బస్బీ వెళ్లలేదు, పై అంతస్తులో జనరల్ మేనేజరుగా కూర్చున్నాడు. మందలింపు తిన్న ఆటగాడికి మెట్లెక్కి పెద్దాయనకు చెప్పుకునే దారి ఉన్నప్పుడు కింది మనిషి మాట ఎలా చెల్లుతుంది? 1970 డిసెంబరు చివర మెక్‌గిన్నెస్‌ని దించి, బస్బీ మళ్లీ వచ్చాడు. లివర్‌పూల్‌లో కూడా బూట్ల గది సంప్రదాయం ఎల్లకాలం పండలేదు. ఆ వరసలో చివరివాడైన రాయ్ ఎవాన్స్ దాదాపు ఐదేళ్లలో ఒక్క లీగ్ కప్పే గెలిచాడు. ఒకే గదిలో ఒకే మాట తిరుగుతూ ఉంటే కొత్త గాలి ఆడదు. 1998లో ఫ్రాన్స్ నుంచి జెరార్డ్ ఊలియే వచ్చాక క్లబ్బు వేరే దారి పట్టింది.

తలుపు పూర్తిగా మూసేస్తే ఏమవుతుందో మన ఏజెన్సీకీ తెలుసు. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు కొలువులన్నీ స్థానిక గిరిజనులకే ఇస్తూ 2000 జనవరిలో జీవో నంబర్ 3 వచ్చింది. మైదానం నుంచి వచ్చే టీచర్లు బడికి సరిగ్గా రాకపోవడం దాని వెనక ఉన్న కారణం. కోయ మాట తప్ప తెలియని పిల్లకు, ఆ మాట తెలిసిన టీచరు విలువ చర్ల, దుమ్ముగూడెం మండలాల్లో ఎవరినడిగినా చెబుతారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. నూటికి నూరు రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమంది. తీర్పు మీద ఆదివాసీ సంఘాల ఆవేదన న్యాయమైనదే. అయినా కోర్టు కొట్టేసింది నూటికి నూరును. స్థానికుణ్ణి సిద్ధం చేసే బాధ్యతను ఏ కోర్టూ రద్దు చేయలేదు. ఆ బాధ్యత నెరవేరితే పోటీ పెట్టినా మనవాడే ముందుంటాడు. ఫుట్‌బాల్ క్లబ్బుకైనా ఇదే సూత్రం.

హైదరాబాద్‌కు ఈ విషయంలో మరో పాత బాకీ ఉంది. బడిపంతులుగా మొదలైన సయ్యద్ అబ్దుల్ రహీం సిటీ పోలీస్ జట్టుతో 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిపించాడు. ఆయన శిక్షణలో భారత్ 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1963లో క్యాన్సర్ ఆయన్ను తీసుకుపోయింది. ఆయన దగ్గర ఆడిన పి.కె. బెనర్జీ కోల్‌కతాలో పెద్ద కోచ్ అయ్యాడు. రహీం ఊరివాడే అయిన సయ్యద్ నయీముద్దీన్ కోచ్‌గా పేరు తెచ్చుకున్నదీ కోల్‌కతా క్లబ్బుల్లోనే, తర్వాత భారత జట్టుకూ కోచ్ అయ్యాడు. విత్తనం మన నేలలోది, పంట ఇంకో ఊళ్లో ఇంటికొచ్చింది. గురువు బతికుండగానే రెండో మనిషిని తయారు చేసి, వాడికో జట్టు, జీతం, సమయం ఇచ్చే సంస్థ ఇక్కడ నిలదొక్కుకోలేదు. రహీంను తలుచుకుని సినిమా తీశాం కానీ రహీం తర్వాత ఎవరన్న ప్రశ్నను వదిలేశాం.

అందుకే నా మాట ఇది. సొంత అసిస్టెంటును హెడ్ కోచ్ చేయాలి. అది హెడ్ కోచ్ గెలుస్తున్న రోజుల్లోనే నిర్ణయించుకోవాలి. అప్పటికే అతని చేతికి రిజర్వ్ జట్టో, ఒక కప్పు టోర్నీయో పూర్తిగా అప్పగించి చూడాలి. లైసెన్సు ఖర్చు క్లబ్బు పెట్టుకోవాలి. వేరే జట్టులోనో వేరే దేశంలోనో కొన్నాళ్లు పని చేసి రమ్మని పంపాలి, గది గాలి మారాలి గనక. కుర్చీ ఖాళీ అయిన రోజున బయటివాళ్లతో కలిపి పోటీ పెట్టాలి. గెలిచాడా, పాత కోచ్ పై అంతస్తులో ఉండకూడదు. బయటివాడికి ఇచ్చేంత డబ్బు, అంతమంది ఆటగాళ్లు, అంత ఓపిక అతనికీ ఇవ్వాలి. ఇవేవీ ఇవ్వలేమంటే సొంత మనిషిని ఎక్కించడం మానుకోవడమే మర్యాద. దివాళా తీసిన జట్టును అప్పగించి దాన్ని అవకాశమని పిలవడం అన్యాయం.

ఈ రాష్ట్రంలో రేపు మరో పెద్ద క్లబ్బు పుడుతుంది, పుట్టాలి కూడా. స్పెయిన్ కోచ్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు యజమానులు అందులో ఒక షరతు చేర్చాలి. నువ్వు వెళ్లే రోజుకి నీ కుర్చీలో కూర్చోగల ఒక మనిషిని ఇక్కడ తయారు చేసి వెళ్లాలి, నీ జీతంలో కొంత భాగం ఆ పనికే. ఆ షరతు చూసి వెనక్కి తగ్గే కోచ్ ఎంత పేరున్నవాడైనా మనకు అక్కర్లేదు.